మూడో ఎదురుచూపు

2008 సెప్టెంబరు, రెండో శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఎదురుగా గోడ మీద గడియారం ఉంది కాబట్టి నిమిషాలతో సహా గుర్తుంది. ఆ వేళ నేను ఒకరి కథకి పేరు మార్చాను. వింటే ఇంతేనా అనిపిస్తుంది. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. ఆరేళ్లయింది. ఆ బరువు పెరుగుతోందే గాని తరగడం లేదు. ఇంట్లో చెప్పలేదు. గుళ్లో దేవుడికి కూడా సరిగా చెప్పలేదు, సగం చెప్పి ప్రసాదం తీసుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నాకు అక్షరాలు అరవై ఒకటో ఏట వచ్చాయి. అంతకు ముందు ముప్పై ఏళ్లు పొగాకు గ్రేడింగులో కూర్చుని ఆకు ఏరాను. కూతురి దగ్గరికి అమెరికాలో ఈ నేపర్‌విల్ వచ్చాక చేతులకి పని లేకుండా పోయింది. నాకు కారు నడపడం రాదు. ఇక్కడ కారు రాని మనిషికి వాకిలి దాటితే గడ్డి, గడ్డి దాటితే రోడ్డు, అంతే.

మా వీధి చివర టౌన్‌హోమ్‌లో సుజన అనే అమ్మాయి ఉండేది. పాతికేళ్లుంటాయి. మొగుడు రోజూ రైలెక్కి చికాగోలో ఆఫీసుకి పోయేవాడు. ఆమెది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. చదువుకోవచ్చు గాని, అతను చదువుకోనివ్వడు. ఇంట్లో నీకేం తక్కువ అనేవాడట. నాకు అక్షరాలు నేర్పిస్తానంటే మాత్రం సరేనన్నాడు. ముసలిదానితోనే కదా అని.

గురువారం గురువారం వచ్చేది. అరగంట నాకు పాఠం. తర్వాత మా అమ్మాయి ఆమెను కారులో కాలేజీకి తీసుకెళ్లేది. అక్కడ ఒక అకౌంటింగ్ క్లాసు. మొగుడు ఆరింటి రైలు దిగేలోపు ఇంట్లో ఉండేది. ఈ సంగతి మా ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదు. నా చెయ్యి పట్టుకుని దిద్దించిందామె. ఒత్తులు మింగేస్తున్నారు అమ్మమ్మగారూ అని నవ్వేది. ఇప్పుడు మీరు చదువుతున్న ప్రతి అక్షరం ఆమె పెట్టిందే.

మా తెలుగు సంఘం ఏటా దీపావళికి ఒక సంచిక వేస్తుంది. అందులో కథలు రాసేవాళ్లందరిదీ ఒకటే ఇబ్బంది, పేరు పెట్టడం రాదు. ఏ కథకైనా అతికే పేరు తెచ్చి అతికిస్తారు. గ్రేడింగులో మేమూ కథలు చెప్పుకునేవాళ్లం. వాటికి పేర్లుండేవి కావు. మర్నాడు ఎవరో ఒకరు, ఆ చెప్పు తెగిన పెళ్లికూతురి కథ మళ్లీ చెప్పవే అనేవాళ్లు. విన్నవాళ్లు మళ్లీ ఎలా అడుగుతారో అదే కథ పేరు. ఈ మాట ఒకసారి అంటే, సంచిక ఎడిటర్ రామ్మోహన్ గారికి తెగ నచ్చింది. ఆ ఏడాది నుంచి పేర్ల కోసం నన్ను పిలిపించడం మొదలుపెట్టారు. పెద్ద చదువులు చదివినవాళ్లు నేనేమంటానా అని నా మొహం వంక చూసేవాళ్లు. అది నాకు తలకెక్కింది.

ఆ ఏడు సుజన కూడా కథ రాసింది. ఒక భార్య, ఒక ముసలమ్మ, గురువారం పాఠం, కాలేజీ. మనుషుల పేర్లు మార్చింది, కింద తన పేరు కూడా వేరేది పెట్టుకుంది. చదివి వినిపించి, కథ పేరు 'ఎదురుచూపు' అంది. చప్పిడి పేరు, ఎవరూ చదవరు అని మొహం మీదే అన్నాను. చదవకూడదనే పెట్టానంది. సంచిక రాగానే వాళ్లాయన లోపలి పేర్ల వరస చూస్తాడట. పేరు లాగితేనే పేజీ తిప్పుతాడట. మరి వేయించడం దేనికే అన్నాను. ఒక్కసారి అచ్చులో ఉంటే చాలు, నాకు ఊపిరాడుతుంది అంది. ఆ మాట నేను విన్నాను. అర్థమైంది కూడా. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

కథ నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. ఆ శనివారం రామ్మోహన్ గారి బేస్‌మెంట్‌లో కూర్చున్నాం. ఆయనదొక పద్ధతి. కథలు తర్వాత, ముందు పేర్లు మాత్రం పైకి చదువుతారు. ఏ పేరు వింటే పేజీ తిప్పాలనిపిస్తుందో దానికి చెయ్యెత్తాలి. ఒక్క చెయ్యీ లేవని కథ, పేజీలు చాలకపోతే, వచ్చే ఏటికి పోతుంది. ఆ రోజు 'ఎదురుచూపు' అని మూడు కథలొచ్చాయి. మొదటిదానికి ఎవరూ ఏమీ అనలేదు. రెండోదానికి నవ్వారు. మూడోది సుజనది.

"ఇంకెంతమంది ఎదురుచూస్తారండీ, ఇదేమన్నా బస్టాపా?" అన్నాడు ప్రసాద్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు.

ఒక్క చెయ్యీ లేవలేదు. రామ్మోహన్ గారు కాగితాలు పక్కన పెట్టబోయారు. నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. ఆ కథ పేరు అది కాదు అన్నాను. కాగితం ఇటు తీసుకుని, 'ఎదురుచూపు' కొట్టేసి, పైన నా చేత్తో రాశాను: 'గురువారం ఎక్కడికి వెళ్తావు?'

ఆయన పైకి చదివారు. చేతులన్నీ లేచాయి. రాసినమ్మాయికి చెప్పారా అని ఆయన అడిగారు, పద్ధతిగల మనిషి. తనే మార్చమంది అన్నాను. తడుముకోకుండా.

ఎందుకు చేశాను? కథ ఆగిపోతే పిల్ల బాధపడుతుందని చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. గురువారం లేని పేర్లు ఇంకో నాలుగు అప్పుడు నా నాలుక చివర ఉన్నాయి. కథ నిలబడడానికి ఒక్క చెయ్యి లేస్తే చాలు, అది ఆ నాలుగింటిలో దేనికైనా లేచేది. నాకు అన్ని చేతులూ కావాలి. అరవై ఏళ్లు వేలిముద్ర వేసినదాన్ని, నేను రాసిన ముక్కకి వీళ్లంతా చేతులెత్తుతుంటే కళ్లారా చూడాలి. చూశాను. ఆ పిల్ల గుట్టు వాళ్ల ముందు పరిచి చూశాను. అతను ఆ పేరు చూస్తే ఏమవుతుందో ఆ క్షణంలో తోచలేదా? తోచింది. తోస్తే పక్కకి నెట్టాను.

సంచిక వచ్చింది. ఆ వచ్చే గురువారం సుజన రాలేదు. సాయంత్రం ఆమె భర్త మా అల్లుడికి ఫోన్ చేసి, ఇక మా ఆవిడ మీ ఇంటికి రాదండీ అని మర్యాదగానే చెప్పి పెట్టేశాడు. డిసెంబరులో, దేశానికి ఆ చివరన ఉన్న రెడ్‌మండ్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. వెళ్లే ముందు ఆమె ఒకసారి నాకు ఫోన్ చేసింది. అతను స్నానం చేస్తున్నాడట, నీళ్ల చప్పుడు నాకూ వినిపిస్తోంది.

"అమ్మమ్మగారూ, పేరు ఎవరు మార్చారు?"

"ఏమోనమ్మా. రామ్మోహన్ గారే అయ్యుంటారు."



"ఆ సంచిక ఇంకో ఆరు వారాలు ఆగి వచ్చుంటే నా పరీక్ష అయిపోయేదండీ."

"ఆయన్ని అడగమంటావా?"

"వద్దులెండి, ఇప్పుడు అడిగి ఏం లాభం. పేరు మాత్రం బాగుంది అమ్మమ్మగారూ. అందుకే ఈయన చదివారు."

నీళ్ల చప్పుడు ఆగింది. ఫోన్ పెట్టేసింది.

ఒక మాట రాయకపోతే ఈ కాగితమంతా దండగ. పేరు బాగుంది అని ఆమె అన్నప్పుడు నాకు సంతోషమేసింది. ఒక్క క్షణమే. కానీ వేసింది. అంతకంటే పెద్ద తప్పు నా జన్మలో చేయలేదనుకుంటాను, దాన్ని చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

సుజనే తెగించి ఆ పేరు పెట్టుకుందని మా అమ్మాయి నమ్మకం. అంత తెలివైన పిల్ల అంత తెలివితక్కువ పని ఎలా చేసిందమ్మా అని ఇప్పటికీ అంటుంది. నేను బెండకాయలు తరుగుతూ ఉంటాను. ఏటా సంచిక సమయానికి పేర్ల జాబితా ఇంకా నా ముందుకే వస్తుంది. రానంటే ఎందుకంటారు. ఎందుకో చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. అందుకని వెళ్తాను. మా అమ్మాయి దింపి వెళ్తుంది, మళ్లీ తను వచ్చేదాకా నాకు కదిలే దారి లేదు. పేర్లు చెబుతాను. చేతులు లేస్తాయి. తల దించుకుంటే పెద్దావిడ ఎంత వినయమో అనుకుంటారు.

రెడ్‌మండ్ అడ్రసు ఇంట్లోనే ఉంది. రాయడం రాదని తప్పించుకోవడానికి లేదు. మరి ఆరేళ్లు ఎందుకు రాయలేదు? రాస్తే ఆమె మొగుడు చదువుతాడని నాకు నేను చెప్పుకుంటాను. అది నిజమే, కానీ నా భయం అది కాదు. నేను క్షమించమంటే ఆ పిల్ల సరేలెండి అంటుంది. ఆమె తీరే అంత. ఆ సరేలెండి నేను పుచ్చుకోలేను. ఆమె పరీక్ష మళ్లీ ఎక్కడైనా రాసిందో లేదో నాకు తెలియదు.

రాశాను. చెయ్యి లాగుతోంది. లోపల మాత్రం, కట్టిన ముడి కాస్త వదులైనట్టుంది. విప్పింది ఎవరూ లేరు, నేనే.

ఆ శనివారం నేను ఆ పేరు కొట్టేసేటప్పుడు బేస్‌మెంట్‌లో ఉన్నది రామ్మోహన్ గారు, ఆయన భార్య విజయ, ప్రసాద్, ఆదివారం బడిలో పిల్లలకి తెలుగు చెప్పే కల్యాణి, ఆమె తమ్ముడు కిరణ్. పైన వంటింట్లో టీ కాస్తూ మా అమ్మాయి పద్మ. కాగితం మీద చెయ్యి పెట్టి నేను. సుజన లేదు.