భానుమూర్తిగారి లైటు వెలిగింది

డాష్‌బోర్డు మీద లైటు వెలిగిందా, ఇక భానుమూర్తిగారి కారు కదలదు. ముహూర్తం దాటిపోనీ, రైలు వెళ్ళిపోనీ, వెనక సీట్లో జ్ఞానప్రసూనాంబగారు తల బాదుకోనీ, అదెందుకు వెలిగిందో తేలేదాకా ఆయన ముందుకు పోరు. ముప్ఫై నాలుగేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై, బెజవాడ గుణదలలో స్థిరపడిన మనిషి. “క్లాసులో చెయ్యెత్తిన పిల్లాణ్ణి కూర్చోరా అనకూడదు. వాడేం చెబుతున్నాడో వినాలి. కారైనా అంతే,” అంటారు.

కూతురు శాంభవికి ఎక్కాలకంటే ముందు ఆయన నేర్పింది ఇది: “ఎరుపైతే ఆగు, పసుపైతే అడుగు, పచ్చయితే సాగు.” ఎర్ర లైటుకి బండి పక్కకి తీసి ఇంజను ఆపెయ్యాలి. పసుపుకి నెమ్మదిగా పోతూ ఆ రోజే మెకానిక్కుని అడగాలి. పచ్చకి కంగారు పడక్కర్లేదు, హెడ్‌లైట్లు వేసున్నాయని చెప్పడమంతే. శాంభవి స్కూల్లో ప్రార్థన మర్చిపోయేది గానీ ఇది మర్చిపోయేది కాదు.

ఓసారి నూజివీడు నుంచి పనసపండు తెచ్చి ముందు సీట్లో పెట్టారు. బెంజ్ సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి సీటు బెల్టు లైటు వెలిగి కుయ్యి కుయ్యిమని ఒకటే మోత. భానుమూర్తిగారు జాగా చూసి పక్కకి తీసి, పనసపండుకి బెల్టు పెడుతుంటే ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు.

“పండుకి బెల్టేంటి సార్?”

“అది పండని మనకి తెలుసు, బండికి తెలీదు కదండీ. తెలీక అడిగినవాళ్ల నోరు మూయించకూడదు.”

వెనకాల ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకున్న జ్ఞానప్రసూనాంబగారు, “ఇన్నేళ్లలో నన్నింత జాగ్రత్తగా ఎప్పుడైనా కూర్చోబెట్టారా?” అన్నారు. ఆ మాటకి కానిస్టేబుల్ నవ్వాపుకోలేక అటు తిరిగిపోయాడు.

మంగళగిరి పెళ్లి సంగతైతే ఇంకా ఘోరం. కృష్ణ మీది వారధి దాటగానే టైరులో గాలి తగ్గిందని లైటు వెలిగింది. రోడ్డుకి బాగా ఎడంగా బండి ఆగింది. డిక్కీలోంచి ఎర్ర త్రికోణం బోర్డు, పెద్ద గొడుగు, రెండు మడత స్టూళ్లు, అయిదు లీటర్ల నీళ్ల డబ్బా, ఒక స్టీలు డబ్బా నిండా పులిహోర బయటికొచ్చాయి. ఇవన్నీ డిక్కీలో ఎప్పుడూ ఉండేవే. గొడుగు కింద కూర్చుని జ్ఞానప్రసూనాంబగారు పులిహోర వడ్డిస్తుంటే ఒకాయన మోటార్ సైకిలాపి, “ప్లేటెంతండీ?” అని అడిగాడు.

“పెళ్లికెళ్తున్నామండీ!” అన్నారావిడ, పట్టుచీర కొంగు సర్దుకుంటూ.

“ఓహో, పెళ్లి భోజనాలా,” అంటూ ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఇవి ఇంట్లోవాళ్లు కళ్లారా చూసినవి. చూడనివి ఇంకా బోలెడు. కూరగాయలకని పొద్దున వెళ్లిన మనిషి మధ్యాహ్నం వచ్చేవారు. ఎందుకాలస్యమంటే ఒకే జవాబు: “లైటు వెలిగింది.” వారానికి రెండుసార్లయినా ఇదే పాట. ఒక రోజు చొక్కా నిండా చేపల కంపుతో దిగారు. గోంగూరలో రొయ్య పడినా గిన్నె పారేసే ఇల్లది.

“ఏంటండీ ఈ కంపు?”

“లైటు వెలిగింది.”

“అది కారా, దీపావళా?” అని జ్ఞానప్రసూనాంబగారు గుమ్మంలోనే బకెట్టు నీళ్లు గుమ్మరించారు. ఆ డొక్కు కారు అమ్మెయ్యమని శాంభవి ఎన్నోసార్లు పోరింది. ఆయన నవ్వి ఊరుకునేవారు.

శాంభవికి బందరు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. రెండుసార్లు తప్పి, మూడోసారి రాత్రీ పగలూ చదివి తెచ్చుకున్న ఉద్యోగం. సోమవారం పదిన్నరలోగా వెళ్లి సంతకం పెట్టాలి. పెట్టకపోతే జాబితాలో తర్వాతివాళ్లకి పోతుంది. భానుమూర్తిగారు ఆరింటికే బయల్దేరదామన్నారు. ఎనిమిదింటిదాకా వర్జ్యం ఉందని జ్ఞానప్రసూనాంబగారు గడప దాటనివ్వలేదు. ఎనిమిది దాటి అయిదు నిమిషాలకి తండ్రీ కూతుళ్లు బందరు రోడ్డెక్కారు.

పామర్రు దాటాక టెంపరేచర్ లైటు భగ్గుమంది.

“నాన్నా, ఎరుపు!” అని ముందు అరిచింది శాంభవే. అరిచాక నాలిక్కరుచుకుంది.

అప్పటికే కారు ఎడమ పక్కకి జరిగింది. నాలుగు ఇండికేటర్లూ మిణుకుమంటున్నాయి. ఇంజను ఆగింది. కూతుర్ని ఎడమ తలుపు వైపు దింపి, ఆయన యాభై అడుగులు వెనక్కి నడిచి త్రికోణం బోర్డు పెట్టొచ్చారు.

“ఇంకో పాతిక కిలోమీటర్లే నాన్నా! మెల్లిగా పోదాం!”

“ఎరుపమ్మా.”

“పోతే బండే కదా పోయేది!”

“బండి ఒక్కటే పోతుందని ఎవరు చెప్పారమ్మా?”

శాంభవి నీళ్ల డబ్బా తీసుకుని బానెట్టు వైపు పరిగెత్తింది. ఆయన అడ్డంపడ్డారు. “మూత ముట్టుకోకు! ఇప్పుడు తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. అరగంట చల్లారాలి.”

“అరగంటా!” శాంభవికి ఏడుపొచ్చేసింది. “మీకు నాకంటే ఆ లైటే ఎక్కువ!”

భానుమూర్తిగారి మొహం పాలిపోయింది. రోడ్డు వారన నిలబడి వచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తడం మొదలుపెట్టారు. ఒక బస్సు కిక్కిరిసి పోయింది. రెండు కార్లు హారన్ కొట్టి పోయాయి. తొమ్మిదీ నలభై. ఆయన చెయ్యి దించలేదు.

అప్పుడొచ్చింది ఖాళీ చేపల పెట్టెలతో ఒక చిన్న వ్యాను. కీచుమని ఆగింది. డ్రైవరు పక్కనించి ఒకావిడ తల బయటపెట్టింది. “ఏంది మేష్టారూ! ఇయ్యాల తమరి లైటే ఎలిగిందా?”

“ఇవాళేంటండీ, రోజూ మాదేగా వెలిగేది!” అంది శాంభవి ఉక్రోషంగా.

ఆవిడ పేరు అంకాలమ్మ. బందరు నుంచి బెజవాడ మార్కెట్టుకి చేపలు వేస్తుంది. ఆవిడ శాంభవిని, ఆ తర్వాత భానుమూర్తిగారిని చూసి పకపకా నవ్వింది. “రోజూ తమరిదేనా? నాన్నగారట్టా చెప్పారా? సరే, ఎక్కు తల్లీ. ముందు బెల్టెట్టుకో. బెల్టెట్టుకోకపోతే మా ఆయన బండి కదపడు. మేష్టారి శిష్యుడు.”

స్టీరింగ్ దగ్గరున్న ఆవిడ భర్త పోలరాజు అవునన్నట్టు తలూపాడు. బెల్టు టక్కుమన్నాక, భానుమూర్తిగారిని కారు దగ్గరే వదిలి వ్యాను రివ్వున లేచింది.

“మూణ్ణెల్లయిందమ్మా. కొత్తగా బండి కొని, పూజ చేయించి, ఆ మీటర్ల అద్దానికి అమ్మోరి బొట్టెట్టించా,” అని మొదలెట్టింది అంకాలమ్మ. “బెజవాడ పొలిమేర కాడ ఇంజనాపకుండానే టీ తాగుతున్నాం. తమ నాన్నగారొచ్చి, తలకాయ లోనికెట్టి, జేబురుమాలుతో బొట్టు తుడిచేశారు!”

“అయ్యో!”

“తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టా. తీరా చూద్దును గదా, బొట్టు కింద ఎర్ర లైటు, నిప్పుకణికల్లే! ‘అమ్మోరే లైటేసి చెబుతుంటే, నువ్వావిడ నోటికి బొట్టెట్టావేంటమ్మా’ అన్నారు. పక్కకి జరిపి మళ్లీ ఆయన చేత్తోనే బొట్టెట్టారు, అదిగో.”

శాంభవి చూసింది. మీటర్ల అద్దం అంచున, ఏ లైటుకీ అడ్డం రాని చోట గుండ్రటి బొట్టుంది.

“ఐసు కరిగి సరుకు పోద్దని నేనేడుస్తుంటే, పెట్టెలన్నీ తమ కార్లో ఎక్కించుకుని మార్కెట్టుకి మోసేశారమ్మా. మూడు తిరుగుళ్లు! ముక్కుకి గుడ్డ కట్టుకున్నారులే. మేం మెకానిక్కు కోసం కూకుంటే గొడుగిచ్చి, స్టూళ్లేసి, పులిహోరెట్టారు. ఈ రోడ్డులో పాల వ్యానోళ్లనడుగు, ఆటోలోళ్లనడుగు. ఎవరి లైటెలిగినా పక్కన ఆగేది మేష్టారి కారే.”

డిక్కీలో ఆ గొడుగు, స్టూళ్లు, డబ్బా నిండా పులిహోర ఎప్పుడూ ఎవరి కోసం ఉంటాయో శాంభవి ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు. ఇందాక తనన్న మాట తలచుకుంటే సిగ్గేసింది, తండ్రి మీద పట్టరానంత ప్రేమొచ్చింది.

బందరు పొలిమేరలో డాష్‌బోర్డు టింగుమంది. పోలరాజు ఠక్కున పక్కకి తీశాడు. “దేవుడా!” అంది శాంభవి. అతను దిగి, సరిగా పడని తలుపుని మళ్లీ వేసి, ఎక్కి, దారి పొడుగునా ఒకే ఒక్క మాట మాట్లాడాడు: “పర్లేదు.”

పదీ ఇరవై రెండుకి శాంభవి ఆఫీసు గదిలోకి పరిగెత్తింది. పదీ ఇరవై అయిదుకి సంతకం పెట్టింది. సూపరింటెండెంటుగారు కాగితం మీదనుంచి తలెత్తి ముక్కెగబీల్చారు. “ఏదో వాసనొస్తోందమ్మా?”

“చేపలండీ,” అంది శాంభవి తల ఎత్తుకుని. “దారిలో లైటు వెలిగింది.”

సాయంత్రం కాలేజీ వదిలాక గేటు దగ్గర కారు లేదు. ఫోన్ చేసింది.

“పైపు కారిందమ్మా, మెకానిక్కు మార్చేశాడు,” అన్నారు భానుమూర్తిగారు. “ఎప్పుడో బయల్దేరాను గానీ, గూడూరు దగ్గర లైటు వెలిగింది.”

పుట్టి బుద్ధెరిగాక శాంభవి మొదటిసారి అడిగింది. “ఎవరిది నాన్నా?”

దొరికిపోయిన పిల్లాడి గొంతుతో ఆయన మెల్లిగా చెప్పారు. “పెళ్లికారుదమ్మా, టెంపరేచర్ లైటే. వీళ్లూ బొట్టు సరిగ్గా దాని మీదే పెట్టారు. పెళ్లికూతురు ఆకలిగా ఉందంటే పులిహోర పెడుతున్నాను. నువ్వో పావుగంట ఆగగలవా?”

“అరగంట ఆగుతాను నాన్నా,” అంది శాంభవి. “మూత మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకండి.”