రేకు పలక కింది పచ్చ

ఆ షెడ్డులో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ చుక్కల మేస్త్రి. చొక్కా నిండా, చేతుల నిండా, ఆఖరికి కళ్లజోడు మీద కూడా రంగు చుక్కలే. ముప్పై ఏడేళ్లుగా బళ్లకు రంగులు వేస్తున్నాడు. గీత పడ్డ తలుపుకు ఆయన రంగు కలిపి వేస్తే, ఆ గీత ఎక్కడ పడిందో యజమాని కూడా వెతుక్కోవలసిందే.

అందుకే మ్యూజియం వాళ్లు పాత మిలిటరీ జీపును ఆయనకే అప్పగించారు. యుద్ధంలో తిరిగిన బండి. తర్వాత ఎవరెవరి చేతుల్లోనో పడి, పైన నీలం, దాని కింద తెలుపు, దాని కింద బూడిదరంగు పూయించుకుంది.

"మేస్త్రిగారూ, ఏదో ఒక పచ్చ వేసేస్తే కుదరదండీ. మొట్టమొదట వేసిన రంగే కావాలి. కాగితాలేవీ దొరకలేదు. బండి మీదే ఎక్కడో మిగిలుండాలి," అంది మ్యూజియం అధికారిణి.

"బండి మీద ఉంటే నా చేతిలో ఉన్నట్టేనమ్మా," అన్నాడు మేస్త్రి.

పదకొండు రోజులు వెతికాడు. బానెట్, సీట్ల కింద, చక్రాల లోపలి వైపు, ఎక్కడ మెల్లగా రుద్ది చూసినా బూడిదరంగు కింద నేరుగా ఇనుమే. ఎవరో పుణ్యాత్ముడు బండినంతా గీకించి మరీ రంగు వేయించాడు. ఇక మిగిలింది డ్యాష్‌బోర్డు మీద బండి నంబరు చెక్కిన రేకు పలక. దాని రివెట్లను ఎవరూ కదిలించినట్టు లేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం పలక ఊడదీశాడు. కింద అరచేయంత పచ్చ! జిడ్డు పట్టి ఉంది గానీ పచ్చే. దొరికిందన్న సంబరంలో, ఇన్నేళ్లుగా అలవాటైన పని చెయ్యి తనంతట తానే చేసేసింది. రంగును కరిగించే థిన్నర్‌లో తడిపిన గుడ్డ అందుకుని తుడిచింది.

జిడ్డు పోయింది. ఒక్క క్షణం ఆ పచ్చ తేటగా కనబడింది. చెయ్యి ఆగేలోపే రెండోసారీ తుడవడం, కింద ఇనుము తేలడం జరిగిపోయాయి.

ఆ కాలపు రంగు థిన్నర్‌కు ఆగదని ఆయనకు తెలియదా? తెలుసు. గబగబా గుడ్డ విప్పి చూశాడు. అది పొద్దుటినుంచీ నీలం, బూడిద తుడిచిన గుడ్డ. పచ్చ వాటిలో కలిసి బురదైపోయింది.

ఇంటికెళ్లి చెబితే భార్య అడిగింది.

"ఎవరన్నా చూశారా?"

"లేదు."

"మీరు చూశారుగా. గుర్తున్నట్టు కలిపేయండి."

కలిపాడు. డబ్బా మూతల్లో రకానికింత పోసి ఎండలో పెట్టాడు. ఏది కలిపినా ఇదే అనిపించేది. పక్కన ఇంకొకటి పెట్టగానే, కాదు, అదే అనిపించేది. నాలుగో రోజుకి మూతలు నలభై అయ్యాయి. తాను కలిపిన నలభై పచ్చలూ కళ్లలో ఉన్నాయి గానీ చూసిన పచ్చ లేదు.

ఆగలేక అధికారిణికి చెప్పేశాడు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కూడా కాదు," అందామె.

"అదేగా నా ఏడుపమ్మా!"

ఆమె ఎక్కడెక్కడో వాకబు చేసి, ఆ రోజుల్లో ఇలాంటి జీపే నడిపిన ముసలి డ్రైవరును వెంటబెట్టుకొచ్చింది. తొంభై దాటిన మనిషి. స్టీరింగు నిమిరి, మూతల వంక చూసి పకపకా నవ్వాడు.

"రంగా? ఎప్పుడు చూశాం బాబూ! ఎండైతే దుమ్ము, వానైతే బురద. మాకా రెండు రంగులే తెలుసు." తర్వాత ఒక మూత మీద వేలు పెట్టాడు. "ఇది బాగుంది."

"ఇదేనా తాతగారూ?" మేస్త్రి ఆ మూత చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేనని ఎవరన్నారు? బాగుంది అన్నాను."

ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడింది. ఆ మూతలో రంగే వేశారు. పని మాత్రం అద్దంలా వచ్చింది, రంగు కారిన చార ఒక్కటి కూడా లేదు. బండి ముందు బోర్డు పెట్టారు: 'అసలు రంగులో పునరుద్ధరించిన జీపు.'

"ఆ 'అసలు' మాటొకటి తీయించండమ్మా," అని బతిమాలాడు మేస్త్రి.

"అడిగానండీ. పైవాళ్లు ఒప్పుకోలేదు," అందామె తల దించుకుని.

ప్రారంభోత్సవం రోజున భార్యతో కలిసి వెళ్లి, జనం వెనకాల నిలబడ్డాడు. ఎవరో పెద్దమనిషి తన కూతురికి చూపిస్తున్నాడు: "చూశావా, అచ్చం అప్పటి రంగే!"

భార్య మోచేత్తో పొడిచింది. "ఇక దిగులు మానండి. ఇది కాదని చెప్పగలిగేవాళ్లెవరున్నారు?"

మేస్త్రి జీపు వంక కళ్లు చిట్లించి చూశాడు.

"ఎవరూ లేరే. నేనూ చెప్పలేను."