నడిచి వెళ్లేంత దూరం

ఇల్లు వదిలి ఐదు కిలోమీటర్లు దాటొద్దన్న కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక ఐర్లండ్‌లోని అత్లోన్ నుంచి గాల్వేకి నేనెక్కిన మొదటి రైలది. ఎదుటి సీట్లో మాస్కు పెట్టుకున్న పెద్దాయన కూర్చున్నారు. పాలస్తీనా నుంచి వచ్చి చాలా ఏళ్లయిందట.

"ఇన్నాళ్లూ గాల్వే సముద్రం చూడలేక పిచ్చెక్కిపోయిందండీ," అని నా గోల చెప్పుకున్నాను.

ఆయన ఫోన్లో ఒక కొండ ఫొటో చూపించారు. వాలులో ఆలివ్ చెట్లు, పైన వరసగా ఎర్ర పెంకుల కొత్త ఇళ్లు.

"చెట్లు మావి. ఇళ్లు ఇజ్రాయెల్ వాళ్లు వచ్చి కట్టుకున్నవి. మా ఊరి నుంచి నడిచి వెళ్లేంత దూరమే. సైనికులు పోనివ్వరు."

అలా ఊళ్లు కట్టి భూమి కలిపేసుకోవడం చట్టవిరుద్ధమని ఆ వారమే ఐర్లండ్ పార్లమెంటు తీర్మానించింది. అది గుర్తొచ్చి, "ఇక్కడ అందరూ మీ వైపే కదండీ," అన్నాను.

"అవును. ఊళ్లో ఉన్న మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను. సంతోషించింది. అయితే ఈ ఏడు మన కాయలు కోసుకోవచ్చా అని అడిగింది."

"ఏం చెప్పారు?"

ఆయన ఫొటోని వేళ్లతో పెద్దది చేస్తూ పోయారు. ఇళ్లన్నీ తెర దాటిపోయాయి. చివరికి ఒక్క చెట్టు మిగిలింది.

గాల్వేలో దిగి సముద్రం దాకా నడిచాను. దారిలో నన్నెవరూ ఆపలేదు.