తాలుకాయలు

చెమట పట్టినా, కన్ను దురద పెట్టినా సిద్దికా వేళ్ళతో ముట్టుకోదు. మోచెయ్యి పైకెత్తి దాంతోనే తుడుచుకుంటుంది. బొమ్మల కాలేజీలో చేరి మూడు నెలలైనా ఆ అలవాటు పోలేదు. బొమ్మలు గీసే బొగ్గుముక్క మిరపకాయలా మండదని ఆమె కళ్ళకి ఇంకా నమ్మకం కుదరలేదు. ఆదివారాలు అమ్మతో కలిసి కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తుందనీ, రంగుపోయిన తాలుకాయలు ఏరిపారేస్తుందనీ క్లాసులో ఎవరికీ తెలియదు. అమ్మ టైలరని చెప్పుకుంది. ఆమె గోళ్ళ ఎరుపు పెయింటేననుకున్నారు అందరూ.

ఆ రోజు జక్రయ్య మాస్టారు మొదటి సంవత్సరం పిల్లలు చూసి గీయడానికి బల్ల మీద మిరపకాయలు కుప్పపోసి, నీడలు పడేలా లైటు సర్ది, ఎవరూ రాకముందే టీకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి క్లాసు నిండింది, కుప్ప రెండైంది. ఒకటి నిగనిగలాడే ఎర్రకాయలు, ఇంకోటి తెల్లబారిన తాలు.

"ఎవర్రా ముట్టుకుంది? గంటసేపు సర్దాను!"

"మిర్చియార్డు కూలోళ్ళెవరో వచ్చి గ్రేడింగ్ చేసి పోయారు సార్!" అన్నాడు మార్క్. క్లాసంతా గొల్లున నవ్వింది. సిద్దికా గుప్పిట్లో ఇంకా రెండు తాలుకాయలున్నాయి.

"పోలేదు, ఇక్కడే ఉన్నారు," అంది. "నేనే సార్. మా అమ్మా నేనూ చేసే పని అదే. కాయలు కనపడితే చెయ్యి ఊరుకోలేదు."

మాస్టారు ఆ రెండు కుప్పల వంక చూశారు. "కలిపెయ్యమ్మా. ఆ తెల్లవి కూడా కావాలి నాకు."

బుద్ధెరిగాక మంచికాయల్లో తాలు కలపడం ఆమెకదే మొదటిసారి. చెయ్యి రెండుసార్లు వెనక్కొచ్చింది. కలిపాక నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. మార్క్ ఆ మోచెయ్యి వంకే చూశాడు గానీ, నవ్వలేదు.