కుంకుమ బొట్టు పెట్టిన స్టీరింగు

మునిగిపోతున్న కొండ కిందకు చేరి, ఎవరికీ కనిపించకుండా దాన్ని వీపున మోసిన శ్రీకూర్మనాథుడికి ముందుగా దండం. పైన తాడు లాగినవాళ్ళు తామే అలిసిపోయామనుకున్నారు. కింద బరువు మోసినవాడు ఒక్క మాట అనలేదు. మా మాటా, మా పాటా, మా చేతి పనీ ఆయన ఇచ్చినవే. ఇచ్చినదాన్ని తిరిగి తీసుకున్నా ఆయనకే మంగళం. ఈ చివరి మాట రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

మాది శ్రీకూర్మానికి దగ్గరలోని పల్లె. వరి, వేరుశనగ పండించుకుంటాం. శనివారం సాయంత్రాలు భజన మందిరంలో నేను పురాణం చదివి అర్థం చెబుతాను. మంగళహారతి మా ఆవిడ పాడుతుంది. ఆ పాట ఆమెకు వాళ్ళ అక్క నేర్పింది. చిన్నప్పుడు ఇద్దరూ పంచుకుని పాడేవారట, మొదటి చరణం అక్కది, దానికి జవాబులాంటి రెండో చరణం చెల్లిది. అక్కను శృంగవరపుకోటకు ఇచ్చాక మా ఆవిడే రెండూ పాడుకునేది. మొదటి చరణానికి మాత్రం గొంతు కాస్త బరువుగా మార్చేది. అది వదిన గొంతు. మందిరంలో అందరికీ తెలుసు.

చుట్టుపక్కల ఊళ్ళకు భజనకు వెళ్ళడానికి వీలుగా ఉంటుందని ఒక పాత కారు కొన్నాను. శుక్రవారం పొద్దున్నే గడపకు పసుపు రాసి బొట్లు పెట్టాక, మా ఆవిడ అదే చేత్తో కారు దగ్గరికి వచ్చేది. స్టీరింగు మధ్యలో ఒక బొట్టు, తాళం పెట్టే కన్నం మీద ఇంకో బొట్టు. "ఇంటికి గడప ఎలాగో, దీనికి అది అలాగ" అనేది. కుట్టుమిషనుకూ, మందిరంలో హార్మోనియానికీ అంతే. పనిచేసే ప్రతి వస్తువుకూ ఆమె చేతి బొట్టు ఉండేది.

వదిన గొంతు బొంగురుపోవడం మొదలైనప్పుడు పాటలెక్కువై అలా అయిందనుకున్నాం. తరవాత విజయనగరం ఆసుపత్రిలో డాక్టర్లు గొంతులో గడ్డ ఉందన్నారు. ఆపరేషను చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం పోతుందన్నారు. ఆపరేషనుకు ముందురోజు మా ఆవిడ ఫోను చేస్తే వదిన ఎక్కువ మాట్లాడలేదు.

"ఫోన్లో ఏటి మాట్లాడతానే. రేపు బేగి రా. నీ మొహం సూసి మాట్లాడతాను. హారతి కూడా పాడీసుకుందాం ఇద్దరం."

"వస్తాను అప్పా. నువ్వు గొంతు దాసుకో."

తెల్లవారుతుండగానే బయల్దేరాం. వదినకు స్వామి తీర్థం, తులసి పట్టుకెళ్ళాలని మా ఆవిడ శ్రీకూర్మంలో ఆపమంది. పూల బండ్లకు అడ్డం లేకుండా కారు బాగా పక్కకు తీశాను. ముందు చక్రం గట్టు రాయికి గట్టిగా ఒరుసుకుని ఆగింది. దర్శనం త్వరగానే అయింది. ప్రాకారంలో తాబేళ్ళకు ఆకులు వేయడానికి కూడా ఆమె ఆగలేదు.

తిరిగి వచ్చి తాళం పెడితే, లోపలికి వెళ్ళింది కానీ తిరగలేదు. స్టీరింగు కూడా బిగిసిపోయింది. తీసి మళ్ళీ పెట్టాను. తుడిచి పెట్టాను. తలకిందులు చేసి పెట్టాను. పక్కనే ఉన్న ఆటో కుర్రాడు కిటికీలోంచి తల దూర్చాడు.

"గట్టిగా తిప్పకు మావా. ఇరిగిందంటే సగం ముక్క లోనే ఉండిపోతాది."

పూలమ్మే ఆవిడ కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చింది. "రెండు సుక్కలు ఎయ్యి నాయినా. మా ఇంటి తాళానికి అదే మందు."

"దీపానికి తెచ్చిన నూనె కారుకి పోస్తావేటే పిన్నీ?"

"కారు కదిలితే రేపు ఇంకో సీసా కొంటాడులేరా. నీ ఆటో లాగ కాదు, ఇది మంచి బండి."

నూనె పోశాం. తిరగలేదు. ఆటో కుర్రాడు ఫోను వెలుతురు కన్నం మీద వేసి చూశాడు. "లోపలంతా ఎర్రగా ఉన్నాది మావా. బొట్లు ఎట్టి ఎట్టి మూసీసినారు." వాడు మామూలుగానే అన్నాడు. తులసి పొట్లం పట్టుకున్న మా ఆవిడ చెయ్యి పొట్లంతో సహా చీరకొంగు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆటోలోనే శ్రీకాకుళం వెళ్ళి, అక్కడ బస్సు పట్టుకున్నాం. దారిలో వదిన భర్త ఫోను చేశాడు. "ఇంకా ఎక్కడున్నారు? గుమ్మం కాసే సూస్తన్నాది." బస్సు విజయనగరం ఊళ్ళోకి వస్తుండగా మళ్ళీ చేశాడు. ఈసారి మా ఆవిడ ఏమీ అడగకుండానే ఫోను నాకిచ్చేసింది.

మేం వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది, ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్ళిపోయారు. వదిన భర్త చెప్పాడు. "పొద్దున్నించి నాతో కూడా మాట్లాడలేదు తమ్ముడా. సెల్లి వచ్చాక మాట్లాడతానని సైగ సేసింది. గొంతు దాసుకున్నాది."

దాచుకున్న ఆ గొంతు ఎవరికీ వినిపించకుండానే పోయింది.

మర్నాడు శ్రీకాకుళం నుంచి మెకానిక్కును తీసుకెళ్ళి కారు బాగు చేయించాను. మా ఇంటి ముందుకు తెచ్చాక అతను ఊడదీసిన పాత తాళాన్ని మా అరుగు మీద పెట్టి చూపించాడు. వేలెడంత గొట్టంలో వరసగా సన్నటి ఇత్తడి పలకలు. తాళంచెవి పళ్ళు వాటిని సరైన ఎత్తుకు లేపితేనే గొట్టం తిరుగుతుంది. అప్పుడు వెనకనున్న స్విచ్చి ఇంజనుకు కరెంటు వదులుతుంది. ఆ పలకల మధ్య నూనెలో నానిన కుంకుమ ఎర్రటి బురదలా పేరుకుని ఉంది. అతను దాన్ని పుల్లతో తీసి మా ఆవిడకు చూపించి నవ్వాడు.

"కారుకి కూడా ఐదోతనం ఇచ్చీసినారేటమ్మా?"

హాస్యానికే అన్నాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆ సాయంత్రం మా ఆవిడ సబ్బునీళ్ళు తెచ్చి, స్టీరింగు మీది బొట్టును గోటితో గీకి మరీ కడిగింది. తరవాతి శుక్రవారం కారు దగ్గరికి రాలేదు. కుట్టుమిషనుకూ బొట్టు లేదు. హార్మోనియానికీ లేదు. అడిగితే, "దేవుడి పటానికి ఎట్టుకుంటే సాలు. ఇనప సామాన్లకేటి బొట్లు" అంది.

వదిన కోలుకుంది. మెడ దగ్గర పెట్టిన దారిలోంచి ఊపిరి తీసుకుంటుంది. పెదవులు కదుపుతుంది, చేతులు తిప్పుతుంది. నవ్వితే గాలి చప్పుడు మాత్రం వస్తుంది. ప్రాణం నిలబెట్టినందుకు స్వామికి వెయ్యి దండాలు. కానీ మా మందిరంలో మంగళహారతి సగమైపోయింది. మొదటి చరణం వచ్చినప్పుడు మా ఆవిడ నోరు కదపదు. హార్మోనియం ఒక్కటే మోగుతుంది. ఆమె రెండో చరణం అందుకుంటుంది. మొదటిది తామే పాడదామని ఆడవాళ్ళెవరూ ముందుకు రాలేదు.

ఒకసారి, "అంతా స్వామి ఇచ్ఛ" అన్నాను, మందిరంలో పదిమందికీ చెప్పినట్టే.

"స్వామి ఇచ్ఛే అయితే అందరూ నా కుంకుమనంటారేటండి?" అంది.

 

మొన్నటి వానల తరవాత ఇద్దరం వదినను చూడడానికి శృంగవరపుకోట వెళ్ళాం. వాళ్ళ వీధి వాలుగా ఉంటుంది. కారు జారకుండా చక్రాలు తిప్పి కాలవ గట్టు రాయికి ఆనించాను. సాయంత్రం బయల్దేరేటప్పుడు వదిన కుంకుమ భరిణె తెచ్చి, కారులో కూర్చున్న చెల్లెలి నుదుట బొట్టు పెట్టింది. నేను తాళం పెట్టి తిప్పాను.

తిరగలేదు.

మా ఆవిడ ముందుకే చూస్తూ కూర్చుంది. కిందకు వంగి చూద్దామని స్టీరింగు మీద బరువు వేసి లేవబోయాను. తాళం ఇంకా నా వేళ్ళలోనే ఉంది. స్టీరింగు ఒక్క పిసరు కదిలింది. లోపల టక్కుమంది. తాళం నీళ్ళలో తిరిగినంత సులువుగా తిరిగింది.

స్టీరింగు కింద, దాని కాడలో, నాలుకంత ఉక్కుముక్క ఒకటి ఉంటుందని నాకు తెలుసు. తాళం తీసేస్తే అది కాడ గాడిలో పడి, దొంగలు తిప్పకుండా పట్టుకుంటుంది. కానీ రాయికి ఆనిన చక్రం ఊరుకోదు, తిరిగి తన దారికి రావాలని లోపల నెడుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడంతా ఆ నాలుక మీద పడితే తాళం దాన్ని వెనక్కి లాగలేదు. ఒక చేత్తో స్టీరింగును కాస్త పక్కకు నెట్టి, రెండో చేత్తో తాళం తిప్పితే చాలు. ఇది ఆ సాయంత్రమే నా చేతులకు తెలిసింది.

"ఇది కొత్త తాళమే కదండీ" అంది మా ఆవిడ.

"కొత్తదే."

"దీనికి నాను ఒక్క బొట్టు కూడా ఎట్టలేదు."

"లేదు."

ఆమెకు ఊరట కలుగుతుందనుకున్నాను. నా వైపు తిరిగింది. "అయితే ఆ రోజు కూడా సక్రం రాయికి ఆనుకుని ఉన్నాది. ఇలా కొంచెం నెడితే ఒచ్చీసేదా?"

"ఒచ్చీసేదేమో."

"అంతేనా" అంది. కుంకుమను తిట్టుకున్నన్నాళ్ళూ ఆమెకు ఒక కారణమైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. అక్క గొంతుకూ తనకూ మధ్య అడ్డుపడినది చేత్తో నెడితే తొలగిపోయే అంత చిన్నదని తెలిసింది.

వదిన కిటికీ దగ్గరే నిలబడి ఉంది. మా మాటలు విన్నది. నా పక్కకు వచ్చి, భరిణెలో ఉంగరం వేలు ముంచి, చెయ్యి లోపలికి చాపి స్టీరింగు మధ్యలో బొట్టు పెట్టింది. చెల్లెలి వైపు చూసి పెదవులు కదిపింది. ఏమందో నాకు తెలియలేదు. మా ఆవిడకు తెలిసే ఉంటుంది. విజయనగరం దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

తరవాత మెకానిక్కును అడిగాను. "అదీ కారణమే మావా. కుంకుమా నూనే కూడా తాళానికి మంచివి కావు. ఆ రోజు ఏది ఆపిందో ఇప్పుడెవలు సెప్పగలరు?" అన్నాడు. మా ఆవిడకు ఆ మాట కూడా చెప్పాను. తల ఊపింది.

స్టీరింగు మీద వదిన పెట్టిన బొట్టు ఎండకు రంగు తగ్గుతోంది. మా ఆవిడ దాన్ని తుడవలేదు. దిద్దనూ లేదు. శుక్రవారం గడప బొట్లయ్యాక భరిణె పట్టుకుని వాకిట్లో కాసేపు నిలబడుతుంది, లోపలికి వెళ్ళిపోతుంది.

చదువుతున్న మీరు ఏ మందిరంలో కూర్చునేవాళ్ళైనా సరే, ఇవాళ హారతి వేళ నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి. మా వదినకు గొంతు మళ్ళీ రావాలని అడగమనడం లేదు. కనిపించని బరువు మోసే స్వామీ, ఈ చెల్లెలి చెయ్యి ఆ వాకిలి దాటేలా చెయ్యి, అక్క వదిలిన చరణం ఈమె నోట మళ్ళీ పలికించు అని నేను అడుగుతున్నాను. మీరూ నాతో పాటు అడగండి.