కారులో పట్టుగూళ్ళ వాసన

ఈ రోజు కారు సర్వీసింగ్‌కని అత్తను వెంటబెట్టుకుని కోలారు షోరూముకు వెళ్ళాను. ఉచిత సర్వీసులు అయిపోయాయి, వారంటీ మాత్రం ఇంకా ఉంది. ఆయిల్ మార్చి బ్రేకులు చూస్తే చాలన్నాను. అక్కడి అడ్వైజర్ డోరు తెరిచి ముక్కు మూసుకున్నాడు.

"ఏందో వాసన వస్తా ఉండాది మేడం. లోపలంతా క్లీనింగ్ ప్యాకేజీ చేయించాల్సిందే."

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "అది పట్టుగూళ్ళ వాసనప్పా. లక్కూరు నుంచి మార్కెట్టుకు మా మూటలు దీంట్లోనే పోతాయి. ఈ కారు కొనిచ్చింది ఆ పురుగులే. ఇంగ నువ్వు కడిగినా మళ్ళా వస్తాది. అప్పుడు ఊరికే కడుగుతావా?"

అతను నవ్వలేదు. "అది చేయించకపోతే వారంటీ పోతాది మేడం" అని నావైపు తిరిగాడు.

"ఆ మాట కాగితం మీద రాసియ్యప్పా" అన్నాను.

రాయలేదు. ఆయిల్, బ్రేకుల పని మాత్రం చేసి పంపించాడు.

వారంటీ ఉన్నన్నాళ్ళు ఆ పనులకు అక్కడికే వెళ్తాను, ఆ ఖర్చు దండగ కాదు. ప్యాకేజీలకు మాత్రం పైసా ఇవ్వను. మీకు ఏమేం అంటగట్టబోయారో, మీరేమన్నారో రాయండి. అత్తకు చదివి వినిపిస్తాను.