అక్క ‘వాపస్’ అన్న గేములు

మా చిన్నప్పటి ఆదివారాలన్నీ దిల్‌సుఖ్‌నగర్‌లో సగం లేచిన ఓ షట్టరు ముందే గడిచిపోయాయి... లోపల మా అక్క సుజాత కొత్త వీడియో గేమ్ ఆడుతూ ఉండేది. బయట మెట్ల మీద గల్లీ పిల్లలమంతా ఆమె తీర్పు కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం.

గంటకింతని తీసుకుని పిల్లలతో ఆడించే ఆ గేముల షాపు మా యాదగిరి మామది... అమ్మకు తమ్ముడు. నల్గొండ దగ్గరి ఊరి నుంచి మాతోపాటే వచ్చి, షాపున్న గల్లీలోనే మా కిరాయి ఇంట్లో ముందరి అర్రలో ఉండేవాడు. మామకు గేములంటే ఏమీ తెలియదు. కోఠి నుంచి కొత్త సీడీలు తెచ్చేవాడు. నచ్చకపోతే మర్నాడు తిరిగి ఇచ్చేయొచ్చు... నచ్చిందో లేదో చెప్పాల్సింది మాత్రం అక్క. అప్పటికి ఆమె తొమ్మిదో తరగతి.

ఆడటం అయ్యాక పీట మీద నుంచి లేచి, షట్టరు కింద నుంచి తల బయటపెట్టి చెప్పేది. "ఉంచు మామా" అంటే మాకు పండగ. "వాపస్" అంటే అంతే సంగతులు... కానీ ఎందుకో కూడా చెప్పేది. మేం అసలు దానికోసమే కూర్చునేవాళ్ళం.

ఒకసారి డబ్బా మీద ఎర్ర కారు బొమ్మ ఉన్న గేమ్ వచ్చింది. చూడగానే ఎగిరి గంతులేశాం. అక్క ఆడి వచ్చి "వాపస్" అంది.

"ఎందుకు బిడ్డా? కారు గంత జోరు మీద పోతుండె గదా!" అన్నాడు మామ.

"గోడకు గుద్దినా గీత పడతలేదు మామా. భయం లేకుంట గెలిస్తే ఏం మజా ఉంటది?"

మేం లొల్లి చేశాం. మామ మా మాట విని ఉంచాడు... వారం తిరక్కుండానే ఆ సీడీని అడిగేవాడు లేకుండా పోయాడు. అక్క మా మొహాలు చూసి నవ్వి ఊరుకుంది.

ఇంకోసారి... ఒక ముసలాయన తప్పిపోయిన కుక్కను వెతుక్కుంటూ వానలో నడిచే గేమ్. కొట్లాట లేదు, రేసు లేదు. మేం మూతి ముడుచుకున్నాం. అక్క మాత్రం "ఉంచు" అంది. ఇంగ్లీషు మాటలు మాకెవరికీ అర్థం కాకపోతే పక్కన కూర్చుని మన మాటల్లో చెప్తూ పోయింది. ఆడేది ఒక్కడు, వినేది షాపు నిండా జనం... చివరికి ఆ కుక్క దొరికినప్పుడు యాదగిరి మామ దస్తీతో కళ్ళు తుడుచుకోవడం నాకింకా గుర్తుంది.

అక్కకు ఒక్క మాట మాత్రం పడేది కాదు. గేమ్ ఎలా ఉందని అడిగితే ఎవడైనా "మంచిగనే ఉన్నది" అన్నాడో... వాడి పని అయిపోయినట్టే.

"మంచిగనే ఉన్నదంటే నువ్వు చూడనే లేదన్నట్టు. ఏం చూసినవో చెప్పు!" అని నెత్తి మీద ఒక్కటి మొట్టేది. నేను తిన్న మొట్టికాయలకు లెక్కే లేదు.

తర్వాత అందరి చేతుల్లోకి ఫోన్లొచ్చాయి... షాపు మూతపడింది. మామ ఎల్బీనగర్‌లో ఆటో నడుపుకున్నాడు. అక్క పెళ్ళయి నాగోల్ వెళ్ళింది, ఓ కోచింగ్ సెంటర్ ఆఫీసులో చేరింది. గేములు మాత్రం వదల్లేదు. కొన్నేళ్ళ కింద తనే ఫోను ముందు కూర్చుని, కొత్తగా వచ్చిన గేముల మీద వీడియోలు మొదలుపెట్టింది... షట్టరు కింద నుంచి చెప్పినట్టే, అదే యాసలో. మొదట చూసేది మా ఇంటివాళ్ళమే. మెల్లగా తెలియనివాళ్ళు కూడా "అక్కా, గిది కొనాల్నా వద్దా?" అని అడగసాగారు. మామ అయితే ఆటో ఎక్కినవాళ్ళందరికీ ఆ వీడియోలు చూపించేవాడు.

అప్పుడే, అందరూ ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఓ పెద్ద గేమ్ విడుదలైంది. అక్క ఆడి ఉన్నమాట చెప్పింది.

"బొమ్మలు బ్రహ్మాండంగున్నయి. కానీ అన్నం ఉడకకముందే గంజు దించి వడ్డించిండ్రు. మిగతాది మెల్లగ ఉడికిస్తరంట. నా మాటైతే... వాపస్."

ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి వీడియో కింద కామెంట్లలో మీద పడ్డారు. "ఆంటీ, వంటింట్లోకి పో" అన్నవాడే వాళ్ళలో మర్యాదస్తుడు... యాసను వెక్కిరించారు, మొహాన్ని వెక్కిరించారు, ఆమె కూతురి గురించి ఇక్కడ రాయలేనివి రాశారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని పెద్దలు ఊరికే అనలేదు. ఎవరో ఆఫీసు నంబరు పట్టుకుని అక్కడికీ ఫోన్లు చేశారు. పై ఆయన పిలిచి, "ఈ గొడవంతా మనకెందుకమ్మా? వీడియోలన్నా మానేయండి, ఉద్యోగమన్నా మానేయండి" అన్నాడట.

ఆ సాయంత్రమే అక్క వీడియోలన్నీ తీసేసింది.

కొద్దిరోజులకే ఆ గేమ్ సగం ఉడికిందేనని అందరూ ఒప్పుకున్నారు. ఎవరో పెద్దమనిషి ఇంగ్లీషులో అదే మాట చెప్తే, తిట్టినవాళ్ళే చప్పట్లు కొట్టారు. అక్కకు ఒక్కడంటే ఒక్కడు సారీ చెప్పలేదు. నాకు కడుపు మండిపోయింది... ఇప్పటికీ మండుతూనే ఉంది.

మొన్న ఆదివారం ఓ కొత్త గేమ్ పట్టుకుని నాగోల్ వెళ్ళాను. వరదలో మునిగిన ఊళ్ళో ఒక అమ్మాయి పడవేసుకుని ఇల్లిల్లూ తిరిగే గేమ్... అక్క కోసమే చేసినట్టుంది. బతిమాలి జాయ్‌స్టిక్ చేతిలో పెట్టాను. ఒకచోట, నీళ్ళలో తేలుతున్న తలుపు దగ్గర పడవ ఆపి చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోయింది... అంతలో నా చేతిలోని ఫోను వైపు చూసింది. నేనేమీ రికార్డు చేయడం లేదు. ఊరికే చేతిలో ఉంది, అంతే.

"ఎట్లున్నదక్కా?" అన్నాను.

జాయ్‌స్టిక్ కింద పెట్టేసింది.

"మంచిగనే ఉన్నదిరా... చాయ్ తాగుతవా?"

నాకు ఏడుపొచ్చింది. మామూలుగా అయితే ఆ మాటకు మొట్టికాయ పడాలి... కానీ నాకు చెయ్యి రాలేదు.

ఇప్పుడు గేమ్ వచ్చిన గంటలోనే పదికి ఎన్ని మార్కులో చెప్పేవాళ్ళు బోలెడుమంది. షట్టరు కింద నుంచి తల బయటపెట్టి, ఏం చూసిందో చెప్పే మా అక్క మాత్రం ఇక లేనట్టే...

మీ గల్లీలో కూడా ఇలా ఉన్నమాట చెప్పే అక్కలెవరైనా ఉండేవారా? వాళ్ళింకా మాట్లాడుతున్నారా? కింద రాయండి... కాస్త చూసుకుని రాయండి. మా అక్క వీడియోలు మానేసింది గానీ, కామెంట్లు చదవడం మానలేదు.